లోపం డబ్బాలదే

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. పెద్దవాళ్లకు ఏ లోపం వచ్చినా అది మనిషిది కాదు, వస్తువుది. మా నాయనమ్మకు చూపు మసకబారినప్పుడు ఇంట్లో బల్బులు మార్చారు. చివరికి వంటింట్లో ఎంత పెద్ద బల్బు పెట్టారంటే, కూరగాయలు తరుగుతుంటే చెమటలు పట్టేవి. అయినా ఆమెకు బియ్యంలో రాళ్లు కనబడలేదు. అప్పుడు బియ్యం కొట్టు మార్చారు. తాతకు పళ్లు ఊడినప్పుడు మటన్ కొట్టే మనిషిని మూడుసార్లు మార్చారు. తమ్ముడు పదో తరగతి తప్పితే పెన్ను మార్చారు. వాడు పెద్దవాడు కాదు కదా అని నేను అడిగితే, మగపిల్లగాడు కదా అని అవ్వ అన్నది. మా అమ్మను మేం అవ్వ అనే పిలుస్తాం, నాన్నను బాపు అని.

అలాంటి ఇంట్లో పుట్టిన బాపు ఒకరోజు నా కంప్యూటర్ ముందు కూర్చుని, "డబ్బాలకెల్లి సౌండ్ సరిగ్గ వస్తలేదు బిడ్డా" అన్నాడు. ఎవరికైనా ముందు చెవులు గుర్తుకు రావాలి. ముప్పై ఏళ్లు జనగామ జిన్నింగు మిల్లులో, పత్తి నుంచి గింజ వేరుచేసే మిషన్ల మధ్య నిలబడ్డ మనిషి ఆయన. కానీ మాకు గుర్తుకొచ్చింది డబ్బాలే, అంటే స్పీకర్లే.

నేను జనగామలో ఇంటి దగ్గరే కంప్యూటర్ మీద ఆన్‌లైన్ ఫారాలు నింపే పని చేస్తాను. అవ్వా బాపూ మాతోనే ఉంటారు. పొద్దున పని ఒక గంట ఆపి, డోలు కొడుతూ చెప్పే ఒగ్గు కథ వీడియో బాపుకు పెట్టడం నా అలవాటు. ఆయన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, తువ్వాల భుజాన వేసుకుని, ఎక్కడికో ఊరెళ్తున్నవాడిలా తయారై వచ్చి కూర్చునేవాడు. విన్న కథను టీ కొట్టు దగ్గర మళ్లీ చెప్పేవాడు. డోలు కూడా నోటితోనే కొట్టేవాడు. రెండేళ్లుగా టీ కొట్టుకు పోవడం మానేశాడు. ఇంట్లో మేం నవ్వితే ఆయనా నవ్వేవాడు, కానీ ఒక్క క్షణం ఆలస్యంగా, మా ముఖాలు చూసి. మాటలు రోజురోజుకూ తగ్గిపోయాయి. మనిషి కళ్లముందే ఉండి మాకు దూరమవుతున్నాడని నాకు గుబులుగా ఉండేది. మంచి డబ్బాలు తెస్తే మళ్లీ దగ్గరికొస్తాడని అనుకున్నాను, ఇప్పుడు చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ నిజంగానే అనుకున్నాను.

మా ఆయన ఒక్కసారి మాత్రం, మామయ్యకు చెవులు చూపిద్దామా అన్నాడు. అవ్వ నాలుగు రోజులు ఆయనకు అన్నం వడ్డించింది గానీ మాట్లాడలేదు. అల్లుడు మామకు లోపం అంటగట్టాడని ఆమె బాధ. ఆయన మళ్లీ ఆ ఊసు ఎత్తలేదు. మీ ఇంటి ముచ్చట మీరే చూసుకోండని పాలకుర్తిలో తన పనికి తాను పోయాడు.

ముందు సలహా తమ్ముడిది. వాడు భూపాలపల్లిలో బొగ్గు గనిలో పనిచేస్తాడు. డబ్బా మంచిదా కాదా అనేది రొమ్ము అదరడాన్ని బట్టి తెలుస్తుందని వాడి సిద్ధాంతం. బాపును తీసుకుని వాడి క్వార్టర్‌కు పోయాను. వాడు సబ్ ఊఫర్ అనే పెద్ద డబ్బా మీద గ్లాసుడు నీళ్లు పెట్టి పాట పెట్టాడు. నీళ్లు పైకెగిరి మా మరదలు కొత్త చీర మీద పడ్డాయి. వాడు అదే రుజువు అన్నాడు. బాపు చెయ్యి పట్టి డబ్బా మీద పెట్టించాడు. బాపు ముఖం వెలిగిపోయింది. అదురుతున్నది అని మూడుసార్లు అన్నాడు. తమ్ముడు మురిసిపోయి ఆ సెట్టు మొత్తం, ఒక పెద్ద డబ్బా, ఐదు చిన్న డబ్బాలు మాకే ఇచ్చేశాడు. పరకాల మీదుగా రెండు బస్సులు మారి ఇంటికి తెచ్చాం.

పెద్ద డబ్బా మంచం కింద పెట్టాను. మొదటిరోజే పక్కింటి అక్క మబ్బు ఉరిమిందనుకుని డాబా మీద ఎండబెట్టిన మిరపకాయలన్నీ కిందికి దింపుకుంది. తీరా చూస్తే ఎండ ఫెళ్లున కాస్తోంది. మళ్లీ ఆరబోసింది. మేం మళ్లీ కథ పెట్టాం. వంటింట్లో గూట్లోని స్టీలు పళ్లేలు ఒక్కొక్కటే ముందుకు జరిగి కిందికి దూకడం మొదలుపెట్టాయి. బాపు మాత్రం తల అడ్డంగా ఊపాడు.

"దబదబ వస్తున్నది గని, మాట వస్తలేదు."

నేను దాన్ని ఒక నోటుబుక్కులో డబ్బా లోపాల కింద రాసుకున్నాను.

ఇక నెట్టు మీద పడ్డాను. అక్కడ లోకం వేరు. డబ్బా కింద బండ పెట్టాలా, చెక్క పెట్టాలా అని ఎదిగిన మగవాళ్లు తిట్టుకుంటున్నారు. గోడకు ఎంత దూరం ఉండాలి, వైరు ఎంత లావుండాలి, అన్నిటికీ లెక్క ఉంది. డబ్బాలో పైనుండే చిన్న గుండ్రం సరిగ్గా వినేవాడి చెవి ఎత్తులో ఉండాలని ఒకాయన రాశాడు. బ్లౌజులు కొలిచే టేపు తీసుకుని, బాపును కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టి, నేల నుంచి ఆయన చెవి దాకా కొలిచాను. రెండు చెవులూ కొలిచాను, తేడా ఉంటుందేమోనని. కొలిచి తమ్ముడికి ఫోన్ చేసి చెప్పాను, వాడు రాసుకున్నాడు. చెవి ఎంత ఎత్తులో ఉందో భూపాలపల్లి దాకా తెలిసింది గానీ, ఆ చెవి ఎట్లుందని ఎవరమూ అడగలేదు.

మహబూబాబాద్‌లో, మా నోట మానుకోట అంటాం, స్టేషన్ దగ్గర ఒకతను కంప్యూటర్లు బిగిస్తాడని, డబ్బాల సంగతి అతనికి తెలిసినంత ఇంకెవరికీ తెలియదని ఎవరో చెప్పారు. బాపూ నేనూ రైలెక్కి పోయాం. అతను తక్కువ మాట్లాడే మనిషి. మా గోడు అంతా విని, బాపును ఒక స్టూలు మీద తనకు వీపు పెట్టి కూర్చోబెట్టాడు. కళ్లు మూసుకుని, కుడి డబ్బా మోగితే కుడి చెయ్యి, ఎడమది మోగితే ఎడమ చెయ్యి ఎత్తమన్నాడు. చాలా సన్నగా సౌండు పెట్టాడు. బాపు ఒక్కసారి కూడా తప్పలేదు. నాకు గర్వంతో కడుపు నిండింది.

అప్పుడు అతను ఎదురుగా ఉన్న బీరువా వైపు చూశాడు. దానికి నిలువెత్తు అద్దం ఉంది. తర్వాత ఆ అద్దంలో బాపు ముఖంలోకి చూశాడు. బాపు తల కొద్దిగా అటూ ఇటూ ఊపాడు. అది నేను చూశాను. మెడ పట్టేసిందేమో అనుకున్నాను.

"అక్కా, ఇయ్యాల ఏం కొనకుండ్రి," అన్నాడు అతను. "జర ఇంటికి పోయి ఆలోచన చేసి రాండ్రి."

అమ్మేవాడే వద్దంటే నాకెక్కడలేని రోషం వచ్చింది. చెప్పులు అరిగిపోయి ఉన్నాయి, చేతిలో గుడ్డ సంచి ఉంది, మా వాలకం చూసి అన్నాడనుకున్నాను. షాపులో అన్నిటికంటే ఎత్తైన జత ఏదని అడిగాను. వద్దక్కా అన్నాడు. వాటికి ఆంప్లిఫయర్ కావాలన్నాను. అవసరం లేదక్కా అన్నాడు. ఫ్యాను చప్పుడు రాని కొత్త కంప్యూటర్ కూడా కావాలన్నాను. అతను మా బాపు వైపు చూసి నిట్టూర్చి, సామాను కట్టడం మొదలుపెట్టాడు. ఆ మనిషంత నిజాయితీపరుణ్ని, నేనంత మొండిదాన్ని ఆ షాపు మళ్లీ చూసి ఉండదు.

తిరుగు రైల్లో ఒక డబ్బా బాపు ఒళ్లో, ఒకటి నా ఒళ్లో, ఆంప్లిఫయరూ కంప్యూటరూ సీటు కింద. ఎదురుగా కూర్చున్నాయన మేం ఏ ఊరి డీజే వాళ్లమని అడిగాడు. బిడ్డ పెళ్లి ఉందట, తారీకు చెప్పి ఖాళీయేనా అన్నాడు. ఇవి ఇంట్లో కథ వినడానికని చెప్పాను. ఎంతమంది వింటారన్నాడు. ఒక్కరే అన్నాను. ఆయన డబ్బాల వెనక సగమే కనబడుతున్న బాపు వైపు కాసేపు చూసి, నంబరైతే ఇవ్వమన్నాడు.

తమ్ముడు సెలవు పెట్టుకుని వచ్చాడు బిగించడానికి. అవ్వ డబ్బాలకు పసుపు రాసి, గుండ్రాల మధ్యలో బొట్లు పెట్టి, గడప బయట కొబ్బరికాయ కొట్టింది. నెట్టులో ఆ పెద్దమనుషులెవరైనా చూస్తే గుండె ఆగిపోయేది. టేపుతో కొలిచి బాపు కుర్చీ వేశాం. తమ్ముడు వైర్లన్నీ కలిపి బొటనవేలు ఎత్తి చూపించాడు. నేను కథ పెట్టాను. తెర మీద కథకుడు గజ్జెల కాళ్లతో వచ్చాడు, డోలు మీద చెయ్యి వేశాడు, నోరు తెరిచాడు.

బాపు కళ్లు మూసుకున్నాడు. తల నెమ్మదిగా ఊగింది. వేళ్లు తొడ మీద తాళం వేశాయి.

"ఇప్పుడు మంచిగున్నది," అన్నాడు. "మాట మాట ఇనవడుతున్నది."

గదిలో చప్పుడే లేదు. తమ్ముడు ఆంప్లిఫయర్ ప్లగ్గు పెట్టిన బోర్డుకు కరెంటే లేదు. ఆంప్లిఫయర్ మీద లైటు వెలగలేదు. పక్కింట్లో కుక్కరు కూత పెట్టడం స్పష్టంగా వినబడుతోంది.

నేను తమ్ముడి వైపు చూశాను. తమ్ముడు అవ్వ వైపు చూశాడు. అవ్వ కొంగుతో కళ్లు ఒత్తుకుని, ఈ డబ్బాలు మంచివే అన్నది. తమ్ముడు గొంతు సవరించుకుని, బేస్ కూడా మంచిగానే ఉంది అన్నాడు. ఇంతమందిని ఆడిపోసుకుంటున్న నేనేం చేశానంటే, అవునన్నాను. పైగా సౌండు తగ్గిస్తున్నట్టు మౌసు కూడా కదిపాను. నలుగురం అలా కూర్చుని, లేని కథను చాలాసేపు విన్నాం. మా పద్ధతి అంత పక్కాగా ఎప్పుడూ నడవలేదు.

మధ్యలో తెర మీద సబ్బు అడ్వర్టైజ్‌మెంట్ వచ్చింది. ఎవరో అమ్మాయి నురగలో స్నానం చేస్తోంది. బాపు కళ్లు మూసుకుని దానికీ తాళం వేస్తూనే ఉన్నాడు. ఇక నాతో కాలేదు. వెళ్లి ఆయన ఎదురుగా కింద కూర్చుని, మోకాలు తట్టి, కళ్లు తెరిచాక ఒక్కో మాటా విడివిడిగా, గట్టిగా చెప్పాను.

"బాపూ, డబ్బాలు ఇంకా మోగనే లేదు."

ఆయన నా పెదాల వైపే చూశాడు. తర్వాత ఆరిపోయి ఉన్న ఆంప్లిఫయర్ వైపు చూశాడు.

"భూపాలపల్లికెల్లి మోసుకొస్తివి, మానుకోటకెల్లి మోసుకొస్తివి," అన్నాడు. "ఇంకా ఇనొస్తలేదంటే ఈసారి ఏడికి పోతవో అని భయమైంది బిడ్డా. నా చెవులు పోయి శాన రోజులాయె. మానుకోటల గా అద్దంల ఆయన చెయ్యి చూసుకుంటనే చేతులెత్తిన. మీరంత పరేషానైతరని డబ్బాల మీద పెట్టిన."

నాకు ముందు కోపం వచ్చింది, తర్వాత సిగ్గు, ఏడుపు చివర. అవ్వ మాత్రం లేచి పోయి, అల్లుడికి ఇష్టమని ఆ పూట బచ్చలికూర పప్పు పెట్టింది. మా ఇంట్లో తప్పు ఒప్పుకోవడమంటే అంతే.

జనగామలోనే చెవుల డాక్టరు దగ్గరికి పోయాం. బాపును చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి పరీక్ష చేశారు. కాగితం మీద గీత మొదట బాగానే ఉండి, పోను పోను కిందికి జారిపోయింది. అవ్వ దాన్ని చూసి, వారి మిషన్ సరిగ్గానే పనిచేస్తున్నదా అని డాక్టరును అడిగింది. పాత అలవాటు. ఆయన నవ్వి, మోటు శబ్దాలు తెలుస్తున్నాయి, మాటలోని సన్నటి శబ్దాలు అందడం లేదన్నాడు. నా నోటుబుక్కులో డబ్బా లోపాల కింద ఆ ముక్కే రాసి ఉంది.

ఎత్తైన డబ్బాలు తమ్ముడు భూపాలపల్లికి తీసుకుపోయాడు. ఒక పెళ్లికి కూడా ఇచ్చాడట. రైల్లో పెద్దమనిషి బిడ్డ పెళ్లికి కాదు, వేరేవాళ్లకు.

వారం తర్వాత బాపు చెవుల్లో చింతగింజంత మిషన్లు పెట్టారు. గింతదాంట్లో బేస్ ఎట్లా వస్తుందని తమ్ముడు ఫోన్లో అడుగుతూనే ఉన్నాడు. డాక్టరు ఏదో నొక్కగానే బాపు ఉలిక్కిపడి పైకి చూశాడు. ఫ్యాను కిర్రుమంటోంది. నేను వంగి, బాపూ ఇనొస్తున్నదా అని అడిగాను. ఆయన నా వైపు తిరిగాడు. అరవకుండా నేను ఆయనతో మాట్లాడి ఎన్నేళ్లయిందో నాకే గుర్తు లేదు.

"నీ గొంతు గిట్లెప్పుడైంది బిడ్డా," అన్నాడు. "పెద్దమనిషి లెక్క అయింది."

నాకు నలభై దాటాయి. ఆయన లోపల నా గొంతు ఏ వయసు దగ్గర ఆగిపోయిందో నేను అడగలేకపోయాను.

"నా గొంతు మంచిగనే ఉన్నది బాపూ," అన్నాను. "గా మిషన్లదే లోపం."

అవ్వ పక్కున నవ్వింది. బాపు కూడా నవ్వాడు. ఎవరి ముఖమూ చూడకుండా, ఆమెతో పాటే నవ్వాడు.