ఏడవని రాణి

నా చిన్నప్పుడు మిర్యాలగూడలో మా వాడకట్టు మొత్తానికి ఎవరి గొంతుతోనైనా మాట్లాడగలిగినదాన్ని నేనొక్కదాన్నే. బియ్యం మిల్లు గుమాస్తా దగ్గు, బస్సు కండక్టరు కేక, మా పంతులమ్మ ముక్కుతో చదివే ఎక్కాలు, అన్నీ నా నోట్లోనే ఉండేవి. ఆ ఎక్కాలు ఆమె గొంతుతో తప్ప నా గొంతుతో ఎప్పుడూ రాలేదు. అందుకే అయిదో తరగతితో నా చదువు ఖతం. దాంతో బడికి నష్టమేమీ లేదు గానీ వాడకట్టుకు మాత్రం పొద్దస్తమానం వినోదం దొరికింది.

ఆ యేడే యుద్ధమొచ్చింది. డెబ్భై ఒకటి చలికాలం. అది ఎక్కడో సరిహద్దుల్లో జరుగుతోందని పెద్దలు చెప్పుకునేవారు. పిల్లలమైన మాకు మాత్రం అది రేకుల టాకీసులో, మ్యాట్నీ ఆటలో జరిగింది. రాజులూ కోటలూ అట్టకత్తులూ ఉన్న పాత సినిమా ఒకటి, అంతకు ముందు వచ్చినప్పుడు మూడు రోజులు కూడా ఆడనిది, యుద్ధం పుణ్యమా అని మళ్లీ వచ్చి హాలు నింపేసింది. ఆటకు ముందు యుద్ధ నిధి కమిటీ పెద్దాయన మైకు పట్టుకుని, తెర మీద కోటను ముట్టడించేవాళ్లూ ఇప్పుడు మన మీదికి వస్తున్నవాళ్లూ ఒకటేనని చెప్పేవాడు. మేం నమ్మాం. ఎంతగా నమ్మామంటే, మా ఆటల్లో శత్రువుగా ఉండటానికి ఎవరూ ఒప్పుకోక ఆ పదవిని బర్రెలకిచ్చాం. పాపం, రోజూ ఓడిపోతున్న సంగతి వాటికి చివరిదాకా తెలియదు.

ఆ సినిమాలో ఒక రాణి ఉంటుంది. కొడుక్కి బొట్టు పెట్టి యుద్ధానికి పంపుతుంది. కొడుకు శవమై తిరిగొస్తే కంట తడి పెట్టదు. కోట బురుజెక్కి, ‘నా కంటి నుంచి జారే ఒక్కొక్క చుక్కా శత్రువుకు నేను కట్టే కప్పం! కట్టను!’ అంటుంది. అక్కడ హాలంతా ఈలలు. ఆ మాట నాకు రెండో ఆటకే నోటికొచ్చింది. వాడకట్టులో ఎవరి గడపలో నిలబడి చెప్పినా పిడికెడు పల్లీలు దొరికేవి.

మా పక్కింటి పెద్దమ్మకు ఒక్కడే కొడుకు. మిల్లులో బస్తాలు మోసి, ఆ పని నచ్చక మిలిటరీలో చేరాడు. ఒక పొద్దున టెలిగ్రాం వచ్చింది. శవం రాదన్నారు. అక్కడే దహనం చేశారట.

మా దిక్కున చావు కబురు వింటే ఆడవాళ్లందరూ ఆ ఇంటికి పోతారు. పోయినవారి తల్లినో భార్యనో మెడ చుట్టూ చేతులేసి పట్టుకుని, చనిపోయినవాళ్ల ముచ్చట్లు ఒక్కొక్కటే రాగం తీసి చెబుతూ ఏడుస్తారు. అలా ఏడిస్తేనే ఆ తల్లికి ఏడుపొస్తుంది. వాడలో ఆ రాగం ఎత్తుకునేది మా నాయనమ్మ. ఆ రోజూ ఆమే వెళ్లింది. రాగం ఎత్తుకోబోతుంటే కమిటీ పెద్దాయన గడపలోనే ఆపాడు.

“ఏడ్వొద్దమ్మా. ఈమె వీరమాత. ఐతారం టాకీసుల సన్మానం పెట్టినం. వీరమాత ఏడిస్తే ఊరి ఇజ్జత్ పోతది.”

వింతేమిటంటే, ఆడవాళ్లు కూడా తలలూపారు. అందరూ ఆ సినిమా చూసినవాళ్లే. కొంగులు నోట్లో కుక్కుకుని వరసగా కూర్చున్నారు. పెద్దమ్మ ఒక్కొక్కరి ముఖం చూసింది. ఎవరూ లేచి మెడ పట్టుకోలేదు. నాలుగు రోజులు ఆమె అలాగే కూర్చుంది. ఏడుపు రాక కాదు, ఏడవనిచ్చేవాళ్లు లేక.

ఆదివారం మ్యాట్నీకి ముందు ఆమెను తెర ముందు నిలబెట్టారు. మెడలో బంతిపూల దండ. నాకు జరీ అంచు చీర చుట్టి, నెత్తిన అట్ట కిరీటం పెట్టి ఎదురుగా నిలబెట్టారు. రాణి మాటలు నేను చెప్పాలి. చెప్పాను. ఆ రోజు చెప్పినంత బాగా మరెప్పుడూ చెప్పలేదు. ఈలలతో రేకులు ఎగిరిపోతాయేమో అనిపించింది. కిరీటం కళ్ల మీదికి జారితే పెద్దమ్మ చెయ్యి చాపి సరిచేసింది. దానికీ చప్పట్లు కొట్టారు. తర్వాత ఆమెను ముందు కుర్చీలో కూర్చోబెట్టి సినిమా మొత్తం చూపించారు. రాణి కొడుకు శవం వచ్చేటప్పుడు కూడా ఆమె లేచి పోలేదు. పోనిచ్చేవాళ్లెవరు?

మర్నాడు పొద్దున్నే మా నాయనమ్మ ఇంట్లో ఉన్న ఎండు మిరపకాయలన్నీ చేటలో పోసుకుని, రోకలి నా భుజాన పెట్టి, పెద్దమ్మ ఇంటికి నడిచింది. ఇంకో ఇద్దరు ఆడవాళ్లనూ రోకళ్లతో పిలిచింది. పత్రిక వాళ్లొస్తారని గడప ముందు మంచం మీద కమిటీ పెద్దాయన మరో ఇద్దరితో కూర్చుని ఉన్నాడు.

“సావు ఇంట్ల కారం దంచుడేందమ్మా?” అన్నాడు.

“సావు ఇల్లని ఎవలన్నరు బాంచెన్? వీరమాత ఇల్లని మీరే అంటిరి. వీరమాత కూరల కారం ఏసుకోదా?”

రోట్లో మూడు రోకళ్లు పడ్డాయి. ఘాటు గడప దాటేసరికి మంచం, పెద్దమనుషులు, దేశభక్తి అన్నీ తుమ్ముకుంటూ వాడ చివరికి పోయాయి.

లోపల అందరి కళ్ల నుంచీ నీళ్లు కారుతున్నాయి. ఎవరడిగినా కారమని చెప్పొచ్చు. అప్పుడు నాయనమ్మ రోకలి వదిలేసి పెద్దమ్మ మెడ పట్టుకుంది. ఇద్దరూ రోలు పక్కనే కూలబడ్డారు. “మిల్లుకెల్లి వస్తే నీ తలల ఊక దులుపుదును గదరా కొడుకా” అని పెద్దమ్మ ఎత్తుకుంది. ఐదు రోజుల ఏడుపు ఒక్కసారిగా బయటికొచ్చింది. బయటికి వినపడకుండా మిగతా ఇద్దరు గట్టిగా దంచుతూనే ఉన్నారు. ఒక రోకలి నన్నూ పట్టుకోమన్నారు.

చాలాసేపటికి పెద్దమ్మ నన్ను దగ్గరికి పిలిచింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

“ఏం బిడ్డా, గా రాణి కొడుకు మ్యాట్నీల సచ్చిపోయిండు గదా?”

“అవు పెద్దమ్మా.”

“మరి ఫస్ట్ షోకు?”

నాకు అర్థం కాలేదు. “ఫస్ట్ షోకు మళ్ల బతుకుతడు. మళ్ల యుద్ధానికి పోతడు” అన్నాను.

“అందుకే ఆమె ఏడ్వదు బిడ్డా. నా కొడుకు రోజుకు మూడుసార్లు బతికొస్తుంటే నేనెందుకు ఏడుద్దును?”

నేను పోయి మళ్లీ రోకలి పట్టుకున్నాను.

నాయనమ్మ నాకు ఏ నీతీ చెప్పలేదు. ఆ రోజు నుంచి చావు ఇంటికి పోతే నేను చెయ్యగలిగింది ఒక్కటే చేస్తాను. ధైర్యం చెప్పను. మెడ పట్టుకుంటాను. ఆ మధ్య వాడలో ఇంకో జవాను చనిపోయాడని ఆ తల్లి దగ్గరికి పోతే, ఆమె ముందు ఎవరో ఫోనులో వీడియో తీస్తూ నిలబడ్డారు, ఏదైనా గర్వంగా చెప్పమంటూ. నేను ఆ ఫోనుకు అడ్డంగా కూర్చున్నాను. ముసలిదానికి కళ్లు కనిపించవులే అనుకుని పోయారు.

కానీ నా సంగతి నేను దాచుకోకూడదు. యాభై ఏళ్లు దాటినా ఆ రాణి మాటలు నాకు ఒక్క అక్షరం పొల్లుపోకుండా వచ్చు. ఇప్పుడు లేపి అడిగినా చెబుతాను. పెద్దమ్మ కొడుకు, పక్కింట్లో పెరిగిన ఆ అన్న ముఖం మాత్రం ఎంత తలుచుకున్నా గుర్తు రావడం లేదు.