వాకిట్లో సూపర్‌చార్జర్

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఇద్దరికి ఊపిరి అందేది కాదు. ఒకరు మా తాతయ్య, ఇంకొకరు మా నాన్న కొన్న పాత అంబాసిడర్ కారు. ఈ మాట తాతయ్యే అని నవ్వేవాడు. నవ్వితే దగ్గు తెర వచ్చేది, అమ్మ నీళ్ల చెంబు పట్టుకుని పరిగెత్తేది.

మాది పటాన్‌చెరు దగ్గర పల్లె. తాతయ్య వ్యవసాయం చేసిన మనిషి, నాన్న ఫ్యాక్టరీలో ఫిట్టరు. ఒకనాడు తాతయ్యను ఆ కార్లోనే పట్నం పెద్ద దవాఖానకు తీసుకువెళ్లారు, నేనూ వెంట వెళ్లాను. ఊపిరితిత్తులు పాడైపోయాయని, మందులతో కాస్త ఉపశమనమే తప్ప నయం కాదని డాక్టరు చెప్పాడు. తిరుగు దారిలో ఎత్తు రాగానే కారు కూడా మూలుగుతూ ఎక్కింది. నాన్న స్టీరింగు మీద గట్టిగా కొట్టాడు. ఆయన దేన్నయినా కొట్టడం నేను చూడటం అదే మొదలు.

ఆ తర్వాతి ఆదివారం నుంచి నాన్న కారు మీద పడ్డాడు. ఇంజను తనంతట తాను పీల్చుకునే గాలి చాలదట, సూపర్‌చార్జర్ అనేదాన్ని బెల్టుతో తిప్పి గాలిని బలవంతంగా లోపలికి నెట్టాలట. అప్పుడు తాతయ్యను కూర్చోబెట్టుకుని పట్నం దాకా ఆయాసపడకుండా లాగుతుందట. పని మొదలుపెట్టే ముందు నేల మీద అసలు కొలతలతో గీసుకోవడం ఫిట్టర్ల అలవాటు. మా సిమెంటు వాకిట్లో సుద్దముక్కతో ఇంజను, పుల్లీలు, బెల్టు అన్నీ గీశాడు. దాన్ని కడగొద్దని తాతయ్య హుకుం. అమ్మ పొద్దున్నే ఆ బొమ్మ చుట్టూ తడిపి, మిగిలిన మూలలో ముగ్గేసి, మూతి ముడుచుకునేది. ఉద్యోగం కోసం కోస్తా నుంచి వచ్చి పక్కింట్లో ఉంటున్న పిన్నిగారు దాన్ని చూసి, మీ వైపు ఇది ఏ వ్రతానికి వేస్తారని అడిగింది. అమ్మకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

సాయంత్రం నాన్న డ్యూటీ నుంచి రాగానే తాతయ్య మంచం వాకిట్లోకి వేయించుకుని అడగడం మొదలుపెట్టేవాడు. గాలి పెరిగితే పెట్రోలు సరిపోతుందా అని ఒకనాడు. పెద్ద కార్బ్యురేటర్ వేయాలంటూ నాన్న చెరిపి మళ్లీ గీసేవాడు. వేడెక్కితే ఎట్లా అని ఇంకోనాడు. రేడియేటర్ మార్చాలి. అరిగిన పిస్టన్లు ఆ ఒత్తిడికి తట్టుకుంటాయా? అదీ నిజమే, ముందు వాటిని మార్చాలి. ఉరికించడం సరే, ఆపడం ఎట్లా? ఇక బ్రేకులు. ఇట్లా అసలు పని వెనక్కి పోతూనే ఉండేది. ఆలు లేదు చూలు లేదు అన్నట్టుందని అమ్మ సణిగేది.

నాకేమో తాతయ్య మీద కోపం వచ్చింది. నాన్నను ఎందుకు సతాయిస్తున్నావని ఒక మధ్యాహ్నం అడిగేశాను. ఆయన చాలాసేపు దమ్ము తీసుకుని చెప్పాడు.

"కారుకైతే గాలి పెట్టొస్తది బిడ్డా, నాకు పెట్టరాదు. గది మీ నాయినకు ఎరుకే. ఏం జెయ్యలేకపోతున్న అని లోపల్లోపల కుములుతున్నడు. నేను అడుగుతుంటే జెర సేపు అది మర్శిపోయి నా పక్కకు కూసుంటడు."

నాకు ఏడుపు ఆగలేదు. ఆయన నా తల నిమిరాడు. అంతకు మించి మా ఇద్దరి చేతుల్లో ఏమీ లేదు. ఆనాటి నుంచి నేనూ ప్రశ్నలు వెతికి తాతయ్యకు అందించేదాన్ని.

చలికాలం చివర ఒక ఉదయం ఆయనకు ఊపిరి బొత్తిగా ఆడలేదు. నాన్న కారు తాళం అందుకున్నాడు. తాతయ్య ఆయన చెయ్యి పట్టుకుని వద్దని తల ఊపాడు. కాసేపటికి, అతి కష్టం మీద, "బెల్టు జారితే ఏం జేస్తవ్ రా?" అని అడిగాడు.

నాన్న మంచం పట్టె మీద కూలబడ్డాడు. బెల్టు బిగుతుగా ఉండటానికి ఇంకో చిన్న పుల్లీ పెడతానని, దానికి స్ప్రింగు ఉంటుందని చెప్పడం మొదలుపెట్టాడు. తాతయ్య చెయ్యి జారిపోయినా చెబుతూనే ఉన్నాడు. అమ్మ వచ్చి భుజం పట్టుకునేదాకా ఆపలేదు.

ఆ సూపర్‌చార్జర్ ఎన్నడూ బిగించలేదు. కారును నాన్న ఉన్నదున్నట్టే అమ్మేశాడు.

నిరుడు మా తమ్ముడి భార్యను సంగారెడ్డిలో ఒక దవాఖానలో వెంటిలేటర్ మీద పెట్టారు. తమ్ముడు బయట గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. వచ్చినవాళ్లంతా ధైర్యంగా ఉండమన్నారు. నాకు ఆ మాట నోట రాదు. తాతయ్య నాకు నేర్పింది ఇంకొకటి, నాకు వచ్చిందీ అదొక్కటే. పక్కన కూర్చుని, బీరంగూడలో మీరు కట్టుకుందామనుకున్న ఇంటికి మెట్లు ఏ దిక్కు పెడతావని అడిగాను.

వాడు నన్ను వింతగా చూశాడు. మెల్లగా, "ఆమెకు మోకాళ్లు నొస్తయి గదా అక్కా, పైన వద్దు, అంతా కిందనే కడదామనుకున్నం" అన్నాడు.

మరి వంటిల్లు ఎటు అని అడిగాను.