జానెడు జరిగిన గుర్తు

మా తమ్ముడు తీసే ఫొటోల్లో ఈమధ్య చెత్త ఎక్కువైందని అందరూ అంటున్నారు. లాంగ్ జంప్ అమ్మాయి గాల్లో ఉంటుంది, పక్కనే ఎవరిదో నీళ్ళ సీసా. పరుగు పందెం ఫొటోలో మూలన ఒంటి చెప్పు. పత్రికవాళ్ళు ఫోన్ చేసి, "ఏమండీ, మీవాడికి కళ్ళజోడు మార్పించండి" అని ఎగతాళి చేస్తున్నారు. నాకు అసలే నోరెక్కువ. "కావాలంటే వేసుకోండి, లేకపోతే మానెయ్యండి" అని ఫోన్ పెట్టేస్తున్నాను. వాడెందుకలా తీస్తున్నాడో నాకు తెలుసు. అందులో నా పాపమూ కొంత ఉంది.

ఇద్దరం కలిసి స్టూడియో నడుపుతాం. ముందుగదిలో నీలం తెర, స్టూలు, గొడుగు లైట్లు. వెనకగదిలో కంప్యూటరు, ప్రింటరు, నేను. పాస్‌పోర్ట్ ఫొటోకి వచ్చినవాళ్ళ కాలరు సర్ది, జేబులో పెన్ను తీసి పక్కన పెడితే గానీ వాడు బటన్ నొక్కేవాడు కాదు. ఫ్రేములో అక్కర్లేనిది కనిపిస్తే వాడికి అన్నం సహించేది కాదు. చిన్నప్పుడు కూడా అంతే, పుస్తకం అట్ట మూల మడత పడితే రోజంతా మూతి ముడుచుకుని కూర్చునేవాడు.

స్టూడియో తిండి పెడుతుంది గానీ వాడి ప్రాణమంతా ఆటల మైదానంలోనే. ఇసుక గుంట అవతల, పిల్లల ప్లాస్టిక్ స్టూలు మీద, మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని గంటలు గంటలు కూర్చుంటాడు. ఇసుక ఎగజిమ్మే ఫొటో ఎవరైనా తీస్తారట. వాడికి కావలసింది దానికి ముందు క్షణం. కాళ్ళు ఇంకా దిగవు, ఎంత దూకారో ఎవరూ చెప్పి ఉండరు, ముఖంలో దాపరికం ఉండదు. అది పట్టుకోవడానికి దూకేవాళ్ళ అడుగులు లెక్కపెడతాడు. ఎవరెన్ని అడుగులు పరిగెడతారో వాడికి నోటికొచ్చు. పొడుగమ్మాయివి పదిహేడు.

పొడుగమ్మాయి అంటే ఫర్నిచర్ మేస్త్రి కూతురు. పొద్దున్నే తండ్రే మైదానానికి తీసుకొచ్చి, జేబులోంచి కొలత టేపు తీసి, పరుగు మొదలుపెట్టాల్సిన చోటు కొలిచి అక్కడ గుర్తు పెట్టేవాడు. ఈ ఆటలో ఎవరి గుర్తు వాళ్ళదే. అక్కడినుంచి లెక్క ప్రకారం అడుగులు వేస్తే కాలు సరిగ్గా దూకాల్సిన తెల్ల పలక మీద పడుతుంది. పలక దాటి వేలెడు ముందుకు పడినా ఎర్ర జెండా ఊపుతారు, ఆ జంప్ లెక్కలోకి రాదు. మేస్త్రి తన కూతురి కోసం అగ్గిపెట్టెంత చెక్కముక్క చెక్కి ఎర్ర రంగు వేశాడు.

పోయిన ఏడు జరిగిన పోటీలో మొదట వచ్చినవాళ్ళకి పెద్ద శిక్షణ కేంద్రంలో చోటు. వయసు ప్రకారం పొడుగమ్మాయికి అదే ఆఖరి అవకాశం. అందరూ తనే గెలుస్తుందనుకున్నారు. మూడుసార్లు దూకింది. మూడుసార్లూ ఎర్ర జెండాయే. అంతటితో ఆమె ఆట ముగిసింది. ఆ సాయంత్రం మావాడు ఇంటికొచ్చి, "పాపం అక్కా, ఏమైందో ఆ పిల్లకి" అని చాలాసేపు బాధపడ్డాడు. ఏమైందో నిజంగానే తెలియదు వాడికి.

పది రోజుల తర్వాత పోటీ నిర్వాహకుల కోసం నేను ఆల్బమ్ కడుతున్నాను. పొద్దున తీసిన ఫొటోలో ఆ ఎర్రచెక్క, రన్‌వే అంచున ఉన్న తెల్ల పెయింటు మరకని ఆనుకుని ఉంది. ఎండెక్కాక తీసిన ఫొటోలో మరకకి జానెడు ముందు, పలక వైపుకి ఉంది.

"ఒరేయ్, ఈ ముక్కకి కాళ్ళొచ్చాయేంట్రా?" అని నవ్వుతూ పిలిచాను.

వాడు వచ్చి చూశాడు. కుర్చీ కోసం వెనక్కి తడుముకున్నాడు.

"నేనే జరిపానక్కా. పక్క ట్రాకులో హర్డిల్స్ అని, ఆ పిల్ల మొదటిసారి దూకకముందే లాంగ్ జంప్ కాసేపు ఆపారు. నేను బోర్లా పడుకుని హర్డిల్స్ తీస్తుంటే ఫ్రేములో మూలన ఎర్రగా అడ్డమొచ్చింది. తీసి పక్కన పెట్టా. అయ్యాక మళ్ళీ అక్కడే పెట్టాననుకున్నా."

"అది గుర్తని నీకు తెలీదా?"

"తెలుసు. ఇరవై ఏళ్ళుగా చూస్తున్నా. తెలిసీ ముట్టుకున్నా."

ఇక్కడే నా సంగతి చెప్పాలి. తలుపు దగ్గరికి వేసి, గొంతు తగ్గించి, "డిలీట్ కొట్టెయ్. ఎవరూ చూళ్ళేదు. బయటపడిందంటే నిన్ను మైదానం గేటు కూడా తొక్కనివ్వరు" అన్నాను. సొంత తమ్ముడు కదా, ఎవరో పిల్ల నాకెందుకు అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

వాడు డిలీట్ కొట్టలేదు. "మూడోసారి దూకి లేచి, వెనక్కి తిరిగి ఆ గుర్తు వంకే చూసిందక్కా. నేనప్పుడు కూడా ఫొటో తీశాను" అన్నాడు. తర్వాత రోజూ కంచం ముందు కూర్చోవడం, నాలుగు మెతుకులు కెలికి లేచిపోవడం. మూడు వారాలు కెమెరా సంచి జిప్పు తియ్యలేదు. తీశాక మాత్రం ఫ్రేములో ఏది అడ్డమొచ్చినా ముట్టుకోలేదు. ఒకరోజు నాకు చెప్పకుండా నిర్వాహకుల దగ్గరికి పోయి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. "ఫలితం చెప్పిన అరగంటలో ఫిర్యాదు చెయ్యాలి బాబూ. ఇప్పుడొచ్చి చేతులు కట్టుకుని నిలబడితే నేనేం చెయ్యను?" అన్నాడట పెద్దాయన. శిక్షణ కేంద్రంలో చోటు గెలుచుకున్న అమ్మాయి అప్పటికే వెళ్ళిపోయింది.

"ఆ పిల్లకి చెప్పాలక్కా" అన్నాడు ఇంటికొచ్చి. ఈసారి నేను నోరు మూసుకుని చెప్పులు వేసుకున్నాను.

మేస్త్రి షాపులో వార్నిష్ వాసన ముక్కు బద్దలు కొడుతోంది. పొడుగమ్మాయి నేల మీద కూర్చుని కుర్చీ కాలుకి ఇసుక కాగితం రుద్దుతోంది. పోటీ అయిన మర్నాటినుంచే తండ్రి ప్రాక్టీసు మాన్పించి అక్కడ కూర్చోబెట్టాడట. ఇంట్లో కూడా కూతురితో సరిగ్గా మాట్లాడటం లేదట.

"రండి రండి. మళ్ళీ ఫొటోలా? మా అమ్మాయి ఆట మానేసింది. గుండెధైర్యం లేనివాళ్ళకి ఆటలెందుకు?" అన్నాడు మేస్త్రి, రంపం దించకుండానే.

మావాడు కవరులోంచి రెండు ఫొటోలు తీసి బల్ల మీద పక్కపక్కన పెట్టాడు. "మేస్త్రిగారూ, మీ అమ్మాయి తప్పేం లేదు. గుర్తు జరిపింది నేను" అన్నాడు. మొత్తం చెప్పాడు. ఒక్క ముక్క కూడా దాచుకోలేదు.

మేస్త్రి ఫొటోల మీదికి వంగాడు. తెల్ల మరక మీద వేలు పెట్టాడు, ఎర్రచెక్క మీద పెట్టాడు. తిడతాడు, కొడతాడు అనుకున్నాను. అతను మా వైపు చూడనే లేదు.

"నాకెందుకు చెప్పలేదే?" అన్నాడు కూతురితో.

"చెప్పాను కదా నాన్నా. మొదటి ఎర్ర జెండాకే గుర్తు జరిగిందేమోనన్నాను. కొంచెం వెనక్కి పెట్టుకుంటానంటే నువ్వే వద్దన్నావు. టేపు అబద్ధం చెప్పదు, నువ్వే తడబడుతున్నావన్నావు. చెక్కముక్కకి కాళ్ళొచ్చాయా అన్నావు."

స్టూడియోలో నేను నవ్వుతూ అన్న మాటే అది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

ఆ పిల్ల చేతులు గౌనుకి తుడుచుకుని లేచింది. "అంకుల్, నా మూడో జంప్ ఫొటో ఉందా?" అంది.

ఉంది. వాడు దాన్ని కూడా తెచ్చాడు, ఇవ్వడానికి మాత్రం ధైర్యం చాల్లేదు. మడమలు అప్పుడే ఇసుకని తాకుతున్నాయి. గుంట పక్కన దూరాలు రాసిన పట్టీ మీద మడమలకి ఎదురుగా అంకె స్పష్టంగా ఉంది. ఐదు మీటర్ల డెబ్భై ఐదు. ఆ రోజు గెలిచినమ్మాయిది ఐదు నలభై.

మేస్త్రి జేబులోంచి టేపు తీశాడు. బల్ల మీద జానెడు పరిచి, బొటనవేలు అక్కడ నొక్కి పట్టి, పెదాలు కదుపుతూ లెక్క వేశాడు. మళ్ళీ వేశాడు. టేపు చేతిలోంచి జారి చుట్టుకుపోయింది.

"జానెడు తీసేసినా... గెలిచేదానివేనే" అన్నాడు.

"నాకు తెలుసు నాన్నా. గాల్లో ఉన్నప్పుడే తెలుసు. కిందికి దిగాక మీరెవ్వరూ నమ్మలేదు."

ఆ పిల్ల మూడో ఫొటో ఒక్కటే తీసుకుని, దుమ్ము పడకుండా గోడమీది అలమరలో పెట్టి, మళ్ళీ నేల మీద కూర్చుని ఇసుక కాగితం అందుకుంది.