ఇరాన్ ఏ తాలూకా?

యుద్ధకాలంలో కూలిపనికి బస్రాకు ఓడలో పోయి, దారంతా కక్కుకుంటూ సగం చచ్చాను. తిరుగు ప్రయాణంలో మళ్ళీ సముద్రం ముఖం చూడదలచుకోలేదు. బాగ్దాద్ దాకా రైలు, ఇరాన్ పొడుగునా బస్సులు, క్వెట్టా నుంచి మళ్ళీ రైళ్ళు పట్టుకుని మానుకోటలో దిగాను. దారిలోని రాజ్యాల సిపాయిలందరూ నా మాట నమ్మి వదిలేశారు. సొంత రాజ్యం అంత అమాయకమైంది కాదు.

అప్పటికి మావైపు దొరల మీద, సర్కారు మీద సంఘం పోరాటం సాగుతోంది. ఊళ్ళో కనబడని పడుచువాడల్లా దళంలో ఉన్నట్టే పోలీసుల లెక్క. మా ఊరు పెద్దవంగర పొలిమేరలోనే పోలీసు జమేదారు నన్ను ఆపాడు.

"ఎక్కడికెల్లి వస్తున్నవ్?"

"ఇరాన్ మీదికెల్లి, సాబ్."

"గది ఏ తాలూకాల ఉన్నది?"

భూగోళంలో అంతటి దిట్ట నన్ను మా ఇంటికే నడిపించుకుపోయి, మా అమ్మను బయటికి పిలిచాడు.

"అవ్వా, దళంల తిరిగే నీ కొడుకు వీడేనా?"

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "నా కొడుకు గిట్లుంటడా? గీనెవరో నాకెరుక లేదు."

కన్నతల్లే కాదన్నాక నేను పరదేశినని ప్రభుత్వానికి రుజువైంది. జమేదారు విసుక్కుంటూ వెళ్ళిపోయాడు.

అతను సందు మలుపు తిరిగేదాకా అమ్మ కదలలేదు. తర్వాత చెంబుతో నీళ్ళు తెచ్చి, నా కాళ్ళ మీద పోస్తూ ఏడ్చింది. "గంత దూరం పోయి గిట్ల బక్కగయినవేంది, బిడ్డా."

వాళ్ళు మళ్ళీ వస్తారని, మర్నాడే నన్ను ఘనపూర్‌లోని మేనమామ ఇంటికి సాగనంపింది. అన్ని దేశాలు దాటి వచ్చి, సొంతింట్లో నేనున్నది ఆ ఒక్క పూటే.