మోతీ కాళ్లకు కిరసనాయిలు

1955లో కాపురానికి చోడవరం వచ్చాను. ఎనిమిదో తరగతి చదివానని నాకు గర్వం. ఆ వానాకాలం బురదలో తిరిగి మా కుక్క మోతీ పాదాలు నాని ఎర్రగా పాసిపోయాయి. దురదకు రోజంతా నాకుతూ, కొరుక్కుంటూ ఉండేది. అత్తగారు పక్కింటికి వెళ్లినప్పుడు దాన్ని కట్టేసి, దురద పోతుందని నాలుగు పాదాలకూ కిరసనాయిలు రాశాను. అది పెట్టిన కేకలకు వీధంతా మా వాకిట్లో చేరింది.

పరుగున వచ్చిన అత్తగారు మోతీ పాదాలు కడుగుతూ, "ఒసే గుంటా, నీ కాలి పుండుకైతే ఇది రాసుకుంటావేటే?" అన్నారు.

ఆవిడ రోజూ వేపాకు కాచి చల్లార్చిన నీళ్లతో పాదాలు కడిగి, వేళ్ల సందులు పొడిగుడ్డతో ఒత్తి, కొబ్బరినూనె రాసేవారు. వారానికి తగ్గింది. కానీ నేను దగ్గరికెళ్తే మోతీ పాదాలు పొట్ట కిందికి ముడుచుకునేది. తెలియదని అత్తగారిని అడగడం నాకు నామోషీ అయింది. ఆ మంట మాత్రం నోరులేని జీవి పడింది.