నమిలిన పిప్పి

మొన్న మలంచా రోడ్డులో చెరకు రసం బండి పక్కన పిప్పి కుప్ప కనిపిస్తే నా కాళ్లు వాటంతటవే ఆగిపోయాయి. ఎవరు నమిలారా అని వంగి చూడబోయి, నవ్వొచ్చి ముందుకు నడిచాను. నాది మొదటినుంచీ అనుమానపు బుద్ధి. పాలవాడు నవ్వుతూ పలకరిస్తే ఇవాళ నీళ్లు ఎక్కువ కలిపాడనుకునే రకం.

అప్పట్లో నేను ఈ రైల్వే ఊళ్లోనే పరిశోధన చేస్తూ, సాలువా దారిలో కౌలు పొలంలో, గడలో చెరకులా రసముండే తీపి జొన్న పెంచేదాన్ని. సంకర విత్తనానికి తల్లి రకం కుదిరింది, తండ్రి రకాన్ని పొడుగుదీ పొట్టిదీ రెండింటిలోంచి ఎంచుకోవాలి. పెళ్లిచూపుల్లాంటి వ్యవహారమే. సంబంధం తప్పితే ఒక పంటకాలం, దానితో నా చదువూ వెనక్కి పోతాయి. కాపలాకి ఖరిదా పేట నుంచి బాబాయి వచ్చేవాడు. సొంత బాబాయి కాదు, శ్రీకాకుళం వైపు మనిషి, రైల్వే వర్క్‌షాపులో రిటైరయ్యాడు. గడల మధ్య నడుస్తూ వేలి కణుపుతో ఒక్కోదాన్నీ కొట్టి చెవి ఒగ్గేవాడు. ఎందుకని అడిగితే, “వర్క్‌షాపు అలవాటమ్మా. బోల్టు కొడితే అదే సెప్తాది, లూజో కాదో” అన్నాడు. అదీ నాకు అనుమానంగానే తోచింది.

ఒక ఉదయం పొలంలో షెడ్డు వెనక నమిలిన పిప్పి కనిపించింది. చెరకు కాదు, నా జొన్నే. మూడు రోజులు బాబాయి దవడలనే కనిపెట్టాను. ఏ విత్తనాల వ్యాపారో పంపి ఉంటాడని కూడా అనుకున్నాను. చివరికి అడిగేశాను.

“దొంగతనం ఏటి తల్లీ? పక్క పిలకలే కోసినాను, కంకున్న గడ ముట్టుకోనేదు. ఆ పొడుగుది లోపలంతా బెండమ్మా. పొట్టిది తీసుకో.”

రసంలో తీపి కొలిచే నా మీటరు పొడుగు రకానికే ఎక్కువ చూపించింది. తిన్న తప్పు కప్పుకోవడానికి సలహా చెబుతున్నాడనుకుని షెడ్డు తాళంచెవి అడిగాను. తువ్వాలు కొసనుంచి ముడి విప్పి ఇచ్చాడు. “నమ్మకం నేకపోయినాక నా కాడెందుకులే,” అన్నాడు. మర్నాటినుంచి రాలేదు.

పొడుగు తండ్రినే ఖాయం చేశాను. మరుసటి పంటకి సంకరం మనిషిన్నర ఎత్తు పెరిగింది, అందరూ ఫొటోలు దిగారు. గానుగలో పెడితే గడ నలిగింది కాని రసం రాలేదు. మీటరుకి రెండు చుక్కలు చాలు, గానుగకి చాలవు. అప్పుడు, అన్నాళ్లలో మొదటిసారి, ఒక ముక్క విరిచి నోట్లో వేసుకున్నాను. థర్మోకోల్ నమిలినట్టుంది. సిగ్గుతో ఏడుపొచ్చింది.

ఆ గడ పట్టుకునే ఖరిదా వెళ్లాను. బాబాయి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. తప్పు నాదేనని చెప్పి తాళంచెవి ఇవ్వబోయాను. అతను గడ మాత్రం అందుకుని, వేలి కణుపుతో ఒకసారి కొట్టి పక్కన పెట్టాడు.

“టీ తాగి ఎల్లమ్మా. తాళం నీ కాడే ఉండనీ.”

తర్వాతి ఏడు పొట్టి తండ్రితో విత్తనం కట్టాను, మరుసటి పంటకి గానుగ నిండా రసం కారింది. పోయిందనుకున్న చదువు అలా తిరిగొచ్చింది. బాబాయి మాత్రం రాలేదు. ఇన్నేళ్లయినా తాళంచెవి నా దగ్గరే ఉంది.