మామయ్యగారి జేబు చాకు

మా మామయ్యగారు దేన్నీ ఒక పట్టాన నమ్మరు. పాలు తెచ్చిన గిన్నెను వెలుతురులోకి వంచి చూస్తారు. కూరగాయలు కొంటే తూకం వంక చూడరు, తూకం వేసేవాడి చిటికెన వేలి వంక చూస్తారు. నేను కోడలిగా వచ్చిన కొత్తలో తలుపు గడియ వేశానని చెబితే, "సరే అమ్మాయ్" అనేసి, వెళ్ళి ఆ గడియను ఒకసారి లాగి చూసి వచ్చేవారు. నాకు ఒళ్ళు మండేది. ఆయన అనుమానం నా మీద కాదని, గడియ మీదని అర్థం కావడానికి చాలాకాలం పట్టింది.

ఆయన బస్సులకూ కార్లకూ సీట్లు కుడతారు. బజారు చివర ఒక పెద్ద షెడ్డు ఉంది. అందులో కిటికీ పక్క బల్ల ఆయనది. రెక్సిన్ కోయడానికి పెద్ద కత్తెర ఉన్నా, మిగతా పనంతా మడత చాకుదే. పాత కుట్లు విప్పాలన్నా, ఫోమ్ అంచులు చెక్కాలన్నా, సీటు మూలల్లో రెక్సిన్‌కి సన్నగా గాటు పెట్టి లోపలికి మడవాలన్నా చాకే కావాలి. దానికి షెడ్డులో ఒక పద్ధతుంది. ఎవరి చాకు వాళ్ళదే. ఎప్పుడైనా ఒకరిది ఇంకొకరికి కావలసి వస్తే చేతికివ్వరు. మడిచి బల్ల మీద పెడతారు, అవతలి మనిషి తీసుకోవాలి. వేలు తెగితే నీ వల్లంటే నీ వల్లని గొడవ పడకుండా పెట్టుకున్న కట్టుబాటు అది. లోకంలో మామయ్యగారికి పూర్తిగా నచ్చిన కట్టుబాటు బహుశా అదొక్కటే.

ఆయన చాకు వేలంత పొడవు, సన్నం. చొక్కా జేబులో ఉన్నా ఉన్నట్టు తెలిసేది కాదు. సానపట్టీ సానపట్టీ బ్లేడు సగానికి సగం అరిగిపోయింది. ఒకరోజు ఆ చాకు కనిపించకుండా పోయింది.

ఇక చూసుకోండి. పోలీసులైనా కాస్త నయం. చొక్కా ఎవరు తీశారు, ఎవరు తడిపారు, ఎక్కడ ఆరేశారు అంటూ అందరి దగ్గరా కూపీ లాగారు. నా భర్త టేబుల్ సొరుగు బోర్లించారు. ఆఖరికి పక్క బల్ల మేస్త్రి మీద పడ్డారు. వాళ్ళిద్దరూ ఒకే ఏడు పనిలో చేరారు, ఇన్నేళ్ళుగా ఒకే డబ్బాలో దారాలు పెట్టుకుంటున్నారు.

"వాడికి నా చాకు మీద ఎప్పటినుంచో కన్నుంది" అన్నారు.

"అరిగిపోయిన చాకుతో ఆయనేం చేసుకుంటాడు మామయ్యా?" అన్నాను.

"అదే నాకూ అర్థం కావడం లేదు" అన్నారు సీరియస్‌గా.

ఇంత జరుగుతున్నా అత్తయ్య వంటింట్లోంచి కిక్కురుమనలేదు. అప్పుడే నాకు అనుమానం రావలసింది. ఇంట్లో అనుమానాలన్నీ ఆయనే పడుతుంటే నా వాటాకి ఏమీ మిగల్లేదు.

నవ్వులాటగా చెబుతున్నాను గానీ, ఆయన భయం నాకు తెలుసు. కొన్ని నెలల క్రితం షెడ్డు యజమాని చూపు తగ్గిన ఒక మేస్త్రిని పిలిచి, "ఇంక విశ్రాంతి తీసుకోండి" అని మర్యాదగా ఇంటికి పంపేశాడు. అప్పటినుంచి మామయ్యగారికి యజమాని నవ్వినా అనుమానమే, నవ్వకపోయినా అనుమానమే. జేబులో చాకు లేకుండా బల్ల దగ్గర కూర్చుంటే, పెద్దాయన పని కూడా అయిపోయిందనుకుంటారని ఆయన బెంగ.

"కొత్తది కొందాం, నువ్వు రా" అన్నారు నాతో. "మీ ఆయనైతే దుకాణంవాడు చెప్పిందల్లా నమ్మేస్తాడు."

దుకాణంవాడు ఓపికగల మనిషి. అద్దాల బల్ల మీద తెల్ల గుడ్డ పరిచి చాకులు వరసగా పెట్టాడు. మామయ్యగారు మొదటిది జేబులో వేసుకుని అటూ ఇటూ నడిచి, ఇటుక మోస్తున్నట్టుందని తీసేశారు. రెండోది మరీ వదులట.

"కిందికి వంగితే జేబులోనే తెరుచుకుంటుంది. ఇది గుండె మీద జేబు అమ్మాయ్" అన్నారు.

ఇంకోదాంట్లో కత్తెర, రంపం, పళ్ళు కుట్టుకునే పుల్ల దాకా ఉన్నాయి. "నేను చాకు కోసం వచ్చాను బాబూ, సంసారం పెట్టడానికి కాదు" అన్నారు. ఎర్ర పిడి చాకు ఒకటి ఉంది, సన్నగానే ఉంది. వేలు పెట్టి తెరవడానికి దాని బ్లేడులో గుండ్రటి కన్నం ఉంది.

"ఇంత కన్నం ఎందుకు? ఇనుము మిగుల్చుకోవడానికా?"

దుకాణంవాడు తల గోక్కున్నాడు.

చివరికి అచ్చం పాతదానిలాంటిదే ఒకటి దొరికింది. మామయ్యగారి ముఖం విప్పారింది. బ్లేడు మీది గాడిలో గోరు పెట్టి లాగారు. గోరు జారింది. మళ్ళీ లాగారు, మళ్ళీ జారింది.

"ఇది గాడి కాదు, పైపైన గీసిన గీత" అన్నారు.

దుకాణంవాడు తీసుకుని ఇట్టే తెరిచాడు. నేనూ తెరిచాను. మేమిద్దరం కూడబలుక్కున్నామేమో అన్నట్టు మా వంక మార్చి మార్చి చూశారు. చాకు తీసుకుని గుమ్మం వైపు తిరిగి, మాకు కనిపించకుండా చాలాసేపు తంటాలు పడి తెరిచారు. తర్వాత బల్ల వైపు తిరిగి, షెడ్డులో అందరూ చేసినట్టే బొటనవేలిని అంచు మీద ఆనించి పదును చూశారు.

"మొద్దు" అన్నారు. "దీంతో దారం కూడా తెగదు."

తెల్ల గుడ్డ మీద ఎర్రటి చుక్క కనిపించింది. పక్కనే ఇంకొకటి పడింది. మామయ్యగారు కూడా చూశారు. చూసి కోపంతో ఊగిపోయారు.

"ఎవరో చెయ్యి కోసుకుంటే రక్తం తుడవకుండా నాకు చూపిస్తున్నావా? వాడిన సరుకు అమ్ముతున్నావా నువ్వు?"

దుకాణంవాడు నా వంక చూశాడు. రక్తం ఆయన బొటనవేలి నుంచే కారుతోంది.

"మామయ్యా, మీ వేలు" అన్నాను.

ఆయన వేలు పైకెత్తి, పరాయివాళ్ళ వేలిని చూసినట్టు చూశారు. దేనికైనా వెంటనే ఒక అనుమానం పుట్టించగల మనిషికి ఆ క్షణాన ఒక్కటీ దొరకలేదు. చాకు మడిచి, దుకాణంవాడి చేతికివ్వకుండా బల్ల మీద పెట్టారు.

దారిలో వేలికి రుమాలు చుడుతూ, "ఎప్పటినుంచి ఇలా?" అని అడిగాను.

"కాస్త తిమ్మిరి. అందరికీ ఉండేదే" అన్నారు. కొంత దూరం నడిచాక, "షెడ్డులో తెలిస్తే నన్నూ విశ్రాంతి తీసుకోమంటారమ్మా" అన్నారు. నాకు ఏడుపొచ్చింది.

అత్తయ్య రుమాలు చూసింది. లోపలికెళ్ళి, పప్పు డబ్బా అడుగున చెయ్యి పెట్టి పాత చాకు తెచ్చి బల్ల మీద పెట్టింది.

"నేనే దాచాను" అంది. "ఆ రోజు యాపిల్ పండు కోస్తూ వేలు కోసుకున్నారు. రక్తం ముక్కల మీద పడుతుంటే ఆ ముక్కలే తింటూ కూర్చున్నారు. నాకు భయమేసింది."

"నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా."

"చెబితే నమ్ముతారా మీరు?"

మామయ్యగారు చాకు తీసుకోలేదు.

షుగర్ వల్ల నరాలు మొద్దుబారాయని డాక్టరు చెప్పాడు. మందులు రాసిచ్చాడు. స్పర్శ తిరిగి వస్తుందని మాట ఇవ్వలేనన్నాడు. పని చేసుకోవచ్చు గానీ చేతిని నమ్మకుండా కంటితో చూసి చేసుకోమన్నాడు. "మీరు సరిగ్గానే పరీక్ష చేశారా?" అని మామయ్యగారు ఆయన్ని కూడా అడిగారు.

మర్నాడు ఒక్కరే వెళ్ళి ఎర్ర పిడి చాకు కొనుక్కొచ్చారు. కన్నం వేలికి తెలియకపోయినా కంటికి కనిపిస్తుంది. నల్ల రెక్సిన్ మీద ఎక్కడ పెట్టినా ఎర్ర పిడి ఇట్టే తెలిసిపోతుంది. షెడ్డులో పక్క బల్ల మేస్త్రికి మాత్రం విషయం చెప్పి, తన చేతి మీద రక్తం కనిపిస్తే చెప్పమన్నారట. చాకు దొంగ అని ఇల్లంతా చాటింది ఆ మనిషి గురించే. ఇప్పటిదాకా ఆ మేస్త్రి ఎవరి దగ్గరా నోరు విప్పలేదు. కిటికీ పక్క బల్ల ఇంకా మామయ్యగారిదే.

సాయంత్రం ఇంటికి రాగానే చాకు మడిచి బల్ల మీద పెడతారు. దాని పక్కన రెండు చేతులూ వెల్లకిలా పెట్టి కూర్చుంటారు. అత్తయ్య కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్క వేలూ చూసి, "ఏం లేదండీ" అంటుంది.

"సరిగ్గా చూశావా?"

"చూశాను."

తర్వాత లేచి వంటింటి గుమ్మం దాకా వచ్చి, చేతులు నా ముందుకు చాపుతారు. నేను స్టవ్ తగ్గించి, ఆ వేళ్ళను వెలుతురులోకి వంచి చూస్తాను.